కరెంటు పోతే అన్నీ మరిచిపోయే డీహైడ్రేటర్, మా పెర్సిమన్ వరుగులు

పెరట్లో కాసిన పెర్సిమన్ పళ్లను ఎండబెట్టడానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న డీహైడ్రేటర్ (ఫ్యానుతో వేడిగాలి ఊదే కరెంటు పెట్టె) మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కానీ అది చిన్నది కాదు. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా ఈ యంత్రం అంతకుముందు పెట్టిన వేడినీ గంటలనూ మరిచిపోయి, ఎవరో ఒకరు వచ్చి మళ్లీ మీట నొక్కేదాకా కదలకుండా కూర్చుంటుంది. ట్రేలు ఎన్ని, వాట్లు ఎన్ని అనే వివరాలు అట్టపెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు.

మేముండేది కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో. ఇంటితోపాటే వచ్చిన రెండు చెట్లలో ఒకటి ఫుయూ. బల్లపరుపుగా ఉండే ఈ పండును గట్టిగా ఉన్నప్పుడే కోసుకుని తినవచ్చు. రెండోది హచియా, కోలగా, కొన తేలి ఉండే ఈ పండు పూర్తిగా మగ్గితేనో ఎండితేనో తప్ప నోట పెట్టలేం. పచ్చి తునికి కాయ కొరికి చూసినవారికి ఆ వగరు గురించి వేరే చెప్పనక్కర్లేదు, పెర్సిమన్, తునికి రెండూ ఒకే ప్రజాతికి చెందిన చెట్లే.

ఫుయూ వరకు ఈ యంత్రాన్ని మెచ్చుకోక తప్పదు. పండును అడ్డంగా 6 మిల్లీమీటర్ల మందాన చక్రాలుగా తరిగి 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెడితే, దాదాపు 12 గంటల్లో, ముక్క నడుమ కనిపించే నక్షత్రం ఆకారం చెదరకుండా, చక్కెర గానీ నిమ్మరసం గానీ కలపకుండానే మంచి వరుగులు తయారవుతాయి. ముక్క విరగకుండా వంగాలి, చించిన చోట తడి కనబడకూడదు. వేడి మీద అన్నీ మెత్తగానే అనిపిస్తాయి కనుక చల్లారిన తరువాతే ఈ పరీక్ష చేయాలి.

కిందటి నవంబరులో ఒక రాత్రి, చెట్టు మీద మిగిలిన ఫుయూలన్నీ కోసి, ట్రేలు నింపి, పడుకునే ముందు యంత్రం ఆన్ చేశాను. అర్ధరాత్రి దాటాక గాలివాన వచ్చి కరెంటు పోయింది. సరఫరా సంస్థ నుంచి వచ్చిన సందేశాన్ని బట్టి చూస్తే కొద్ది నిమిషాల్లోనే తిరిగి వచ్చింది కూడా; ఫ్రిజ్ తన పని తాను మొదలుపెట్టుకుంది, హీటరూ మొదలుపెట్టుకుంది. డీహైడ్రేటర్ మాత్రం తెల్లవారేవరకు సున్నాలు మినుకుమినుకుమనిపిస్తూ ఉండిపోయింది. తలుపు తీసేసరికి నిలవ కల్లు వాసన గుప్పుమంది. సగం ఎండిన ముక్కల్లో లోపలి తడి పైకి ఊరి, తలుపు మూసి ఉన్న వెచ్చని పెట్టెలోంచి బయటికి పోయే దారి లేక, అంచులు జిగురుగా మారి చక్రాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పలచగా తరిగిన ముక్కలు కొన్ని బాగానే ఉన్నాయి. మందపాటివి మళ్లీ ఎండబెట్టి చూసినా పులుపు పోలేదు, చివరికి అవన్నీ ఎరువు గుంటకే చేరాయి.

తయారీ సంస్థకు రాస్తే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేడి పరికరం దానంతట అది మొదలవకూడదని, భద్రత కోసమే అలా చేశామని జవాబిచ్చారు. ఇస్త్రీ పెట్టె విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. కానీ వేడి లేకపోయినా ఫ్యాను ఒక్కటి తిరిగితే ఆ రాత్రి సరుకులో చాలా భాగం దక్కేది, కనీసం ఒక కూత పెట్టినా మాకు మెలకువ వచ్చేది.

ఫ్యాను గురించి ఇంత గట్టిగా అనడానికి కారణం హచియాలే. వాటిని చిన్న రెమ్మతో సహా కోసి, తొక్క తీసి, పురికొసతో కట్టి గరాజ్‌లో వేలాడదీస్తాను. ఇది జపాన్ పద్ధతి. మా పక్కనే ఉన్న ప్లేసర్ కౌంటీలోని జపనీస్ అమెరికన్ రైతు కుటుంబాలు దీన్ని నిలబెట్టాయి. వారం తరువాత పైన పొర కట్టినప్పటి నుంచి పండును వేళ్లతో మెల్లగా పిసుకుతూ ఉంటే, నాలుగు నుంచి ఆరు వారాల్లో వగరంతా పోయి, లోపలి చక్కెర తెల్లని పొడిలా పైకి తేలుతుంది. ఈ లోయలో శీతకాలపు పొగమంచు రోజుల తరబడి విడవదు. అప్పుడు బూజు రాకుండా కాపాడేది ఒక మామూలు టేబుల్ ఫ్యాను మాత్రమే. వేడి ఏమాత్రం లేకుండానే ఆ పళ్లు ఎండుతున్నాయి.

కొన్న కొత్తలో, ఈ డీహైడ్రేటర్ ఉంటే పెర్సిమన్‌కు ఇంకేదీ అక్కర్లేదని స్నేహితులకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటను ఫుయూ చక్రాలకు, గట్టిగా ఉన్నప్పుడే తరిగిన హచియా ముక్కలకు పరిమితం చేస్తున్నాను. మగ్గిన హచియా గుజ్జును ట్రేల మీద పూసి మామిడి తాండ్రలా చేయబోతే, ట్రేల మీద పూసేటప్పుడు తేనెలా ఉన్న గుజ్జు వేడికి మళ్లీ వగరెక్కింది. వగరుకు కారణమైన టానిన్లు మగ్గినప్పుడు అణిగిపోయినా వేడి తగిలితే తిరిగి కరుగుతాయి కనుక అందులో యంత్రం తప్పేమీ లేదు, అయినా తాండ్ర మాత్రం ఎవరూ తినలేదు.

ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి ఇప్పుడు తెల్లవారుజామునే మొదలుపెట్టి రాత్రి భోజనాల వేళకు ముగిస్తున్నాను. మధ్యలో కరెంటు పోయినా తెలుస్తుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవారికి ఈ యంత్రం కొనమని చెప్పలేను. మామిడికాయ ఒరుగులకు ఇలాంటిదే ఒకటి తెమ్మని ఊరి నుంచి అన్నయ్య అడిగితే, ఇది 120 వోల్టులదనీ, అక్కడి కరెంటు కోతలకు తట్టుకోదనీ, మేడ మీది ఎండే మేలనీ చెప్పాను. కొత్తగా కొనదలిచినవారు చేత్తో తిప్పే మీట ఉన్న రకాన్ని చూడవచ్చు; తిప్పిన చోటే మీట నిలిచి ఉంటుంది కనుక కరెంటు రాగానే అది మళ్లీ నడుస్తుంది. స్నేహితుల ఇంట్లో ఉన్నది అలాంటిదే. అయితే వారు అందులో ఎండబెట్టేది యాపిల్ ముక్కలే, పెర్సిమన్ ఇంకా పెట్టి చూడలేదు.