తొలిరోజు ఊరు చూడటానికి: హనుమకొండ అడ్డాలో పూటకిరాయి ఆటో

ఉద్యోగరీత్యా మంచిర్యాల నుంచి హనుమకొండకు మారిన నాకు తొలిరోజున అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చింది బస్టాండు దగ్గరి అడ్డాలో పూట మొత్తానికి మాట్లాడుకున్న ఆటో. కాజీపేట, హనుమకొండ, వరంగల్ అనే మూడు ఊళ్లు పడమటి నుంచి తూర్పుకు ఒకదానికొకటి అతుక్కుని పెరిగి ఒకే నగరమయ్యాయి. కాజీపేట, వరంగల్ రైల్వే స్టేషన్ల మధ్యనే దాదాపు 10 కిలోమీటర్ల దూరం ఉంది. అటువంటి చోట ఫోనులో ఒక్కో గమ్యానికి ఒక్కో బండిని పిలిపించుకుంటే గుళ్లూ కోటలూ విడివిడిగా కనబడతాయే తప్ప, వాటి మధ్యనున్న ఊరు మనసులో కుదురుకోదు. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, ఆగినచోట ఆగే ఒప్పందంతో, పన్నెండు వందల రూపాయలకు కిరాయి కుదిరింది. ఈ ధర నాకు న్యాయంగానే అనిపించింది.

ఎటు నుంచి మొదలుపెట్టాలన్నది డ్రైవరే తేల్చాడు. “ముందుగాల ఖిలా చూసొద్దాం సార్, ఎండెక్కితే ఆడ బండల మీద నిలవడలేరు” అని వరంగల్ వైపు బండి తిప్పాడు. ఆ నిర్ణయం ఎంత సరైనదో కోటలో గంటసేపు తిరిగాక తెలిసింది. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఆ రాతికోట వృత్తానికి వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దాని చుట్టూ అగడ్త, ఇంకా వెలుపల మట్టికోట ఉన్నాయి. ద్వారం దగ్గర దారి తిన్నగా లోపలికి పోదు, ఎత్తైన గోడల మధ్య మలుపు తిరుగుతుంది. శత్రువులు ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. డ్రైవరు అక్కడ బండి ఆపి, సున్నమూ అడుసూ లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన రాళ్ల అతుకులను తడిమి చూడమన్నాడు. వేలిగోరు కూడా దూరని అతుకులు కొన్ని అందులో ఉన్నాయి.

నేలమట్టమైన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాల దగ్గర ఎంతసేపు గడిపినా తనివి తీరలేదు. రాష్ట్ర చిహ్నంలో రోజూ చూసే రూపమే అయినా, ఒక తోరణం కింద నిలబడి, చెల్లాచెదురుగా పడివున్న శిల్పాల మీదుగా దాని ఎదుటి తోరణాన్ని చూసినప్పుడే ఆ ప్రాంగణం ఎంతటిదో అర్థమవుతుంది. నన్ను సరిగ్గా ఆ చోట నిలబెట్టినవాడు కూడా డ్రైవరే. అయితే ఖుష్ మహల్ దగ్గర మాత్రం అనవసరంగా తొందరపెట్టాడు. ఏటవాలు గోడల ఆ కట్టడం మరికాస్త సమయానికి అర్హమైనది.

ఈ సేవలో అసలైన విలువ దారి పొడుగునా దొరికింది. కోట లోపలే ఇళ్లు, పొలాలు, బడికి పోయే పిల్లలు ఉన్నారని, అది ఇప్పటికీ జనం కాపురముండే ఊరని బండి నెమ్మదిగా పోతేనే తెలుస్తుంది. రైలు పట్టాల కింది అండర్ బ్రిడ్జి దగ్గర ఏ వేళ రద్దీ ఎక్కువగా ఉంటుందో, ఇల్లు వెతికేటప్పుడు నయీంనగర్‌లో వాననీటి గురించి ఎందుకు అడగాలో, కూరగాయలకు ఏ సందులోకి పోవాలో ఆయన అడగకుండానే చెప్పాడు. అద్దె ఇల్లు చూసుకోవలసిన మనిషికి ఆ మాటలు ఏ కరపత్రంలోనూ దొరకవు.

తిరుగు దారిలో వేయిస్తంభాల గుడి చూశాం. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కట్టించిన త్రికూటాలయమిది. నల్లరాతి నంది మెడలోని దండలనూ గంటలనూ దగ్గరగా చూడవలసిందే. ఆ నునుపు ఈనాటికీ మెరుస్తోంది. ఏళ్ల తరబడి పునర్నిర్మాణంలో ఉన్న కల్యాణమండపం కూడా 2024 నుంచి సందర్శకులకు తెరిచే ఉంది.

లోపం ఒకటి గట్టిగానే చెప్పాలి. భద్రకాళి గుడికి చేరేసరికి మధ్యాహ్నం తలుపులు మూసేశారు. రోజూ ఇదే దారిలో తిరిగే మనిషి ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. దర్శనం ముఖ్యమనుకునేవారు బేరమాడేటప్పుడే ఈ గుడిని వేయిస్తంభాల గుడి కన్నా ముందు పెట్టమనాలి. ఆగినచోట వెయిటింగ్ ఛార్జీ ఉండదన్న మాట కూడా బండి ఎక్కకముందే అనిపించుకోవడం మంచిది.

ఒంటరిగా వచ్చిన మహిళలకు, చేతిలో సమయం ఉంటే, ఆర్టీసీ బస్సు ఇంతకన్నా చవక. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలులో ఉన్నా, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి కాబట్టి వేరే రాష్ట్రం నుంచి మారినవారు ఆధార్ చిరునామా మార్పించుకునేదాకా టికెట్ కొనుక్కోవలసి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చినవారికి మాత్రం నేను ఆటోనే సిఫారసు చేస్తాను.

2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడిని ఈ పూటలో కలపమని అడగవద్దు. ఆ గుడి ఉన్న పాలంపేట ములుగు జిల్లాలో ఉంది, అంతదూరం ఆటోలో పోవడం ఒంటికీ మంచిది కాదు. హనుమకొండ నుంచి ములుగు వైపు పోయే బస్సెక్కి, ఆ గుడికి వేరుగా ఒక రోజు కేటాయించుకోండి.