మారిషస్‌లో బస ఎటువైపు తీసుకోవాలి?

మారిషస్ ప్రయాణానికి మేం రెండు నెలల ముందు నుంచే సిద్ధమయ్యాం. టికెట్లు, ఇన్సూరెన్స్, పిల్లల ఈత బట్టలు, మామయ్యగారి మందులు అన్నీ చూసుకున్నాం. గాలి సంగతి ఒక్కటీ చూసుకోలేదు. మా సెలవుల్లో సగం దాంతోనే పోయింది కాబట్టి, మీరు వెళ్లేట్టయితే ముందు అదే చూడండి.

పిల్లలకు బడులు తెరిచేలోపు తిరిగి రావాలని జూన్ మొదటి వారంలో, ముంబయి మీదుగా వెళ్లాం. మనకు ఎండలు మండే ఆ రోజుల్లో అక్కడ చలికాలం మొదలవుతుంది. పగలు హాయిగానే ఉంటుంది కానీ ఆగ్నేయం నుంచి వీచే గాలులు బలం పుంజుకుని సెప్టెంబరు దాకా వదలవు. ఆ గాలి నేరుగా తగిలేది తూర్పు తీరానికి. మేమేమో ఫొటోలు చూసి మనసుపడి, మొదటి నాలుగు రాత్రులకు తూర్పున బెల్ మార్‌లో హోటల్ తీసుకున్నాం.

బాల్కనీ తలుపు రాత్రంతా టకటకా కొట్టుకుంటూనే ఉంది. చివరికి మామయ్యగారు విమానంలో ఇచ్చిన పేపరును నాలుగు మడతలు పెట్టి సందులో దూర్చాక గానీ ఎవరికీ నిద్ర పట్టలేదు. పొద్దున బీచ్‌లో కూర్చుంటే ఇసుక కాళ్లకు సూదుల్లా గుచ్చుకునేది. అత్తయ్యగారు పది నిమిషాలు కూర్చుని, చెంగు తలమీదుగా కప్పుకుని లోపలికి వెళ్లిపోయారు. గది శుభ్రంగా ఉంది, పనివాళ్లు మర్యాదస్తులు, ఆ విషయంలో వంక పెట్టలేను. కానీ బుక్ చేసే ముందు జూన్‌లో గాలి ఎలా ఉంటుందని నేను మెయిల్‌లో అడిగితే ఏడాది పొడవునా బాగుంటుందని రాశారు. పెద్దవాళ్లను తీసుకొస్తున్నామని కూడా చెప్పాను. ఆ జవాబు మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తూర్పున ఉన్నందుకు దక్కిన లాభం ఇల్ ఓ సెర్ దీవి. పక్కనే ఉన్న త్రూ దో దూస్ ఊరి నుంచి పడవలో వెళ్లాం. పిల్లలకు ప్రయాణం మొత్తంలో అదే నచ్చింది. అయితే దానికోసం అక్కడే బస చేయనక్కర్లేదు. మారిషస్ మొత్తం ఈ కొస నుంచి ఆ కొసకు అరవై అయిదు కిలోమీటర్లు కూడా దాటదు, ఎక్కడున్నా పొద్దున బయల్దేరి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

అయిదో రోజు పడమటి తీరాన ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కి మారాం. ఒకే దీవి అంటే నమ్మబుద్ధి కాలేదు. మధ్యలో ఉన్న ఎత్తైన నేల, కొండలు గాలిని ఆపేస్తాయి. పగడపు దిబ్బల లోపలి నీళ్లు చెరువులా నిలకడగా ఉన్నాయి. ఒడ్డు పొడవునా మన సముద్రతీరాల్లో లాగే సరుగుడు చెట్లు. ఆదివారం స్థానిక కుటుంబాలు గిన్నెలు, చాపలు సర్దుకుని ఆ నీడలోకి వచ్చేశాయి. అక్కడ హోటళ్ల ముందు బీచ్‌లు కూడా అందరివీ, కాబట్టి బీచ్ కోసమని ఖరీదైన రిసార్టే తీసుకోవాలన్న నియమం లేదు.

ఇక్కడ మేం వంటగది ఉన్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్ తీసుకున్నాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. తూర్పున హోటల్లో రాత్రి భోజనం కూడా గది అద్దెలోనే కలిపి కట్టాం, తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చి రెండు పూటలు వదులుకున్నాం. ఫ్లాట్‌లో అత్తయ్యగారు అన్నం, చారు పెట్టేవారు. కూరగాయల అంగట్లో మునగాకు కట్టలు కనబడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. అక్కడ దాన్ని బ్రెద్ మురుం అంటారు, ఇష్టంగా తింటారు.

బయట తిండికి ధోల్ పూరీ ఉంది. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. ఉడికించి పొడి చేసిన పప్పు లోపల పెట్టి పల్చగా ఒత్తి కాలుస్తారు. రెండు పొరలు కలిపి, మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా కూర, కాస్త మిరపకాయ పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. శాకాహారులకు దిగులు లేదు. ఇలాంటి బండ్ల దగ్గరికి చిల్లర నోట్లు ఉంచుకోండి. 2024 నుంచి మన యూపీఐ అక్కడ మొదలైంది కానీ మాకు అన్ని చోట్లా పనిచేయలేదు.

టాక్సీల్లో ఎక్కే ముందే రోజుకు ఎంతో మాట్లాడుకోవాలి. మాకు ఫ్లాట్ యజమాని కుదిర్చిన డ్రైవర్ దొరకడం అదృష్టం. షామరెల్ అనే ఊళ్లో రంగుల మట్టి దిబ్బలు చూసి, గంగా తలావ్ అనే పవిత్ర సరస్సుకి వెళ్తుండగా, మీ పెద్దలది ఏ ఊరని మామయ్యగారు ఇంగ్లీషులో అడిగారు. ఊరి పేరు తెలియదు, మమ్మల్ని ఇక్కడ కోరంగివాళ్లంటారు అన్నాడతను. పూర్వం ఓడలెక్కిన రేవు పేరు మీద అక్కడి తెలుగువాళ్లకు వచ్చిన పేరది. మామయ్యగారిది కాకినాడ. కోరంగి రేవు మా ఊరి పక్కనే బాబూ అని అతని భుజం మీద చెయ్యి వేశారు. అతనికి తెలుగు రాదు, కానీ అమ్మోరు పండగ, రామ భజనం అన్న మాటలు మనలాగే పలికాడు. గంగా తలావ్ దగ్గర మంచు కమ్మి చలేసింది, అక్కడికి స్వెటర్లు తప్పనిసరి.

తయారీలో మరో రెండు మాటలు. వీసా అక్కడ దిగాకే ఉచితంగా ఇస్తారు, తిరుగు టికెట్, బస కాగితాలు చేతిలో ఉండాలి. మందుల విషయంలో కఠినంగా ఉంటారు. ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులు అనుమతి లేకుండా పట్టుకెళ్లకూడదు. మామయ్యగారి మోకాళ్ల మాత్రల్లో ట్రమడాల్ ఉందని ముందే చూసి డాక్టరుగారి చేత మార్పించాం, చీటీ కూడా వెంట ఉంచుకున్నాం. నీళ్లలోకి దిగడానికి రబ్బరు బూట్లు ఇక్కడే కొనండి. మావాడు ఒట్టి కాళ్లతో దిగి పగడపు ముక్క గుచ్చుకుని ఒక రోజంతా గదిలోనే కూర్చున్నాడు.

అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందని డ్రైవర్ చెప్పినప్పటి నుంచి, ఈసారి ఉగాదికే వెళ్దామని మామయ్యగారు అంటున్నారు. అది తుపాన్ల కాలం లోపలే వస్తుంది కాబట్టి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే ఫ్లాట్ కోసం పడమటి వైపే వెతుకుతున్నాను.