తీర్పు వచ్చాక రాయడమా, ముప్పు కనిపించగానే రాయడమా?

సామూహిక హత్యల వార్త హైదరాబాద్ పత్రికల డెస్కులకు చేరినప్పుడు రెండు దారులుంటాయి: న్యాయస్థానం తేల్చేదాకా ‘జాతి నిర్మూలన’ అనకపోవడం ఒకటి, ఆనవాళ్లు కనిపించినప్పుడే ఆ ముప్పును పేరుపెట్టి చెప్పడం మరొకటి.

మొదటి దారికి బలమైన కారణమే ఉంది. జాతి నిర్మూలనపై 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగానో కొంతగానో నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ప్రతి ఊచకోతకూ ఆ పేరు తగదు. కానీ 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం సుమారు 8,000 మంది ముస్లిం పురుషులను, బాలురను చంపితే, యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన హేగ్ ట్రైబ్యునల్ దాన్ని జాతి నిర్మూలనగా నిర్ధారించింది 2001లో. పైగా, తీవ్రమైన ముప్పు తెలిసిన క్షణం నుంచే దాన్ని నివారించే బాధ్యత దేశాలకు మొదలవుతుందని 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. చట్టమే ఆగనప్పుడు పత్రిక ఎందుకు ఆగాలి?

ఆగినంతకాలం వేరే మాటలు ఆ చోటును ఆక్రమిస్తాయి. 1994లో రువాండాలో పథకం ప్రకారం సాగిన హత్యలను చాలా పత్రికలు తెగల కొట్లాటగా రాశాయి. ‘కాల్పుల్లో పలువురి మృతి’ అన్న శీర్షికలో కాల్చినవారు ఉండరు. ‘సైన్యం కాల్పుల్లో’ అంటే ఉంటారు. 2017లో మయన్మార్ సైన్యం దాడులతో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మన హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లోని రోహింగ్యాల గురించిన వార్తల్లో ‘అక్రమ వలస’ తరచూ కనిపిస్తుంది, తరిమిన సైన్యం అరుదుగా కనిపిస్తుంది.

అందుకే నేను రెండో దారినే కోరుకుంటాను. అయితే పత్రిక తానే తీర్పు చెప్పకూడదు: ఎవరు, ఏ సమూహంపై, ఏం చేశారో, అధికారులు బహిరంగంగా ఏమన్నారో మొదటి పేరాలోనే రాసి, ప్రభుత్వ వివరణను ఆ తర్వాత ఇవ్వాలి.