బండి కింద స్టెప్నీకి తాళమా, గొలుసా: విశాఖ ఉప్పుగాలిలో ఐదారేళ్ళ వాడకం

ఏడు సీట్ల కార్లలో చాలావాటికి స్టెప్నీ డిక్కీలో ఉండదు. బండి వెనక భాగంలో, అడుగున, ఒకే ఒక్క ఉక్కు తాడుకు వేలాడుతూ ఉంటుంది. లోపల మూడో వరుస సీట్లకు చోటు మిగలడానికి కంపెనీలు చేసిన ఏర్పాటిది. సముద్రానికి బాగా దగ్గరగా, లాసన్స్ బే కాలనీలో ఉంటూ అలాంటి బండిని ఐదారేళ్ళుగా నడుపుతున్నాను. ఆ స్టెప్నీని పదిలంగా ఉంచడానికి రెండు మూడు రకాల తాళాలు, ఒక గొలుసు, ఒక కవరు వాడి చూశాను. బజారులో అందరూ తాళం గురించే అడుగుతారు, తాళమే అమ్ముతారు. నేను మాత్రం ఎక్కువ మార్కులు గొలుసుకే వేస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడాలి.

వెనక బంపరు దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. జాకీ రాడ్డును అందులో దూర్చి ఎడమకు తిప్పితే లోపలి గేరు తాడును వదులుతుంది, చక్రం నేలకు దిగుతుంది. కుడికి తిప్పితే పైకి లేస్తుంది. తాడు చివర ఒక ఇనుప రేకు ఉంటుంది. దాన్ని చక్రం మధ్య రంధ్రంలోంచి ఏటవాలుగా దూర్చి, అవతల అడ్డంగా నిలబెట్టాలి. టైరు, రిమ్ము కలిపి ఇంచుమించు ఇరవై కిలోల బరువుకు ఆ రేకు, ఆ తాడు తప్ప వేరే ఆధారం లేదు. చక్రం బండి అడుగుకు గట్టిగా ఆనుకుని ఉన్నంత వరకు తాడుకు పెద్ద శ్రమ ఉండదు. కొద్దిగా వదులైనా సరే, ప్రతి గుంత దగ్గరా చక్రం ఊగుతుంది. ఆ ఊపు మొత్తం తాడు రేకులోకి దిగే ఒకే ఒక్క చోట పడుతుంది.

వదులు కావడానికి కారణం గేరే అనుకోనక్కరలేదు. స్టెప్నీలో గాలి తగ్గినా వదులవుతుంది. గాలి నిండుగా ఉన్న టైరు బండి అడుగుకు ఒత్తుకుని ఉంటుంది. నెలనెలా కొంత గాలి సహజంగానే పోతుంది కాబట్టి, ఏడాది పాటు చూడకుండా వదిలేసిన టైరు మెత్తబడి, బిగింపు దానంతట అదే సడలుతుంది. అందుకే నాలుగు టైర్లకు గాలి పట్టించిన ప్రతిసారీ కిందికి వంగి ఐదోదానికీ పట్టించమని అడుగుతాను. బంకులో కుర్రవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కున్నా పట్టించుకోవలసిన పనే ఇది. స్టెప్నీకి మిగతా వాటికంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువే పెట్టిస్తాను.

ఇక విశాఖ సంగతి. సముద్రం మీది నుంచి వచ్చే గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపర ఉంటుంది. తీరానికి కొన్ని వందల మీటర్ల లోపల దాని ప్రభావం అన్నిటికంటే ఎక్కువ. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. మన ఊళ్ళో తేమ ఆ గీత దాటని రాత్రులు తక్కువ. అంటే వాన పడకపోయినా బండి అడుగున ఉప్పునీటి పొర ఎప్పుడూ ఉన్నట్టే. పైభాగానికైతే వాన కడుగుతుంది, మనమూ కడుగుతాం. అడుగు భాగాన్ని ఎవరూ కడగరు. విజయనగరంలో ఉండే మా బావగారిదీ ఇదే రకం బండి, దాదాపు ఇదే వయసు. ఆయన బండి కింద తాడు ఇంకా తెల్లగానే ఉంది. మాది మూడో ఏడాదికే గోధుమరంగుకు తిరిగింది.

ఉక్కు తాడు బయటినుంచి బాగానే కనిపిస్తూ లోపలి పేటల్లో తుప్పు పట్టడం పెద్ద ప్రమాదం. దీన్ని కనిపెట్టడానికి ఆటోనగర్‌లో నేను బండి చూపించే మేస్త్రి ఒక పద్ధతి నేర్పాడు. స్టెప్నీని పూర్తిగా దింపి, పాత నూలుగుడ్డతో తాడును పట్టుకుని మెల్లగా కిందికి జార్చాలి. ఎక్కడైనా ఒక్క పోగు తెగి ఉంటే గుడ్డ దారం అక్కడ చిక్కుకుంటుంది. చేతికి తొడుగు తప్పనిసరి, తెగిన పోగు సూదికంటే వాడిగా ఉంటుంది. రేకుకు పైన జానెడు మేర ప్రత్యేకంగా చూడాలి, నీరు జారి నిలిచేది అక్కడే. మా తాడుకు సరిగ్గా అక్కడే రెండు చోట్ల గుడ్డ చిక్కుకుంది. "బాబుగారూ, ఇది ఇప్పుడే తెగదు. కానీ ఎప్పుడు తెగుతుందో నేను చెప్పలేను" అన్నాడు మేస్త్రి. తాడు, గేరు కలిపి కొత్తది వేయించాను. ఆ వారమే గొలుసు సంగతి ఆలోచించాను.

తాళాలు అప్పటికే వాడుతున్నాను. మొదటిది జాకీ రాడ్డు దూర్చే రంధ్రాన్ని మూసే రకం. స్టెప్నీ దొంగలకు కావలసింది ఆ నట్టుకు సరిపోయే ఒక రాడ్డు మాత్రమే. అది చేతిలో ఉంటే రెండు నిమిషాల పని. రంధ్రం మూసుకుపోతే వాళ్ళ పని ఆగుతుంది, ఆ మేరకు ఈ తాళం మంచిదే. కానీ తాడు కింద బయటికే ఉంటుంది కదా, కట్టరు తెచ్చుకున్నవాడికి తాళంతో సంబంధం లేదు. పైగా తాళంచెవి దూరే చోట ఇసుక, ఉప్పు చేరి ఒక వర్షాకాలం గడిచేసరికి తిరగడం మానేసింది. రెండోది పొరలు పొరలుగా ఉక్కు రేకులు పేర్చిన చవక తాళం. దాని గురించి ఎక్కువ చెప్పను, బీచ్‌రోడ్డు దగ్గర ఉండేవారు కొనవద్దు. మూడోది గుండ్రటి ఇత్తడి తాళం. ఇత్తడి తుప్పు పట్టదు, కొక్కెం చాలావరకు లోపలే దాగి ఉంటుంది. నాలుగేళ్ళుగా ఇదే ఉంది. చెవి రంధ్రం నేలవైపు చూసేలా వేలాడదీసి, మీద రబ్బరు ముక్క కప్పాను. లోపల నూనె వేయకుండా గ్రాఫైట్ పొడి వేస్తాను. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది.

గొలుసు కోసం కారు సామాన్ల దుకాణాలకు కాకుండా ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. ఉప్పునీటిలో ఏ ఇనుము ఎంతకాలం ఉంటుందో వాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. స్టెయిన్‌లెస్ గొలుసు అడిగితే ఆ పెద్దాయన 304 రకాన్ని పక్కన పెట్టేశాడు. ఉప్పు తగిలితే దాని మీద గుండుసూది మొనలంత గుంటలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం తట్టుకుంటుంది కానీ ధర బాగా ఎక్కువ. చివరికి వేడి జింకులో ముంచి తీసిన 8 మిల్లీమీటర్ల మామూలు గొలుసు, దానికి తగిన డీ ఆకారపు షాకిల్ (గొలుసు కొసలను కలిపి మర పిన్నుతో బిగించే కొక్కెం) తీసుకున్నాను. బంగారు తీగలా మెరిసే పల్చటి జింకు పూతది కాదు, బూడిదరంగులో గరుకుగా ఉండేది అడగాలి. ఇరవై కిలోల చక్రానికి అంత లావు గొలుసు ఎందుకని ఎవరైనా అనవచ్చు. గుంతలో పడినప్పుడు కుదుపుకు బరువు ఎన్నో రెట్లవుతుంది, తుప్పు తినేందుకు కొంత ఇనుము అదనంగానూ ఉండాలి.

షాకిల్ చేతికిస్తూ ఆ పెద్దాయన, "పిన్ను బిగించి ఊరుకోకండి బాబూ. కంటికి తీగ దూర్చి చుట్టండి. వేటకు వెళ్ళాక దాన్ని ఎవరు చూస్తారు?" అన్నాడు. కుదుపులకు మర దానంతట అదే విప్పుకుంటుంది. బోటు వాళ్ళు పిన్ను తలలోని రంధ్రంలోంచి తీగ దూర్చి షాకిల్ ఒంటికి కట్టేస్తారు. నేనూ అలాగే కట్టాను. అప్పటినుంచి ఆ పిన్ను ఒక్క మర కూడా కదల్లేదు.

గొలుసు వేయడంలో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, అది దేన్ని చుట్టి వెళుతుందన్నది. ఛాసిస్ అడ్డకమ్మీని మాత్రమే చుట్టాలి. బ్రేకు గొట్టం, పెట్రోలు గొట్టం, హ్యాండ్‌బ్రేకు తీగ, సైలెన్సర్, వీటిలో దేనికీ గొలుసు తగలకూడదు. రెండోది పొడవు. గొలుసు చక్రాన్ని మోయకూడదు, మోసే పని తాడుది. తాడు తెగితే పట్టుకునే పని గొలుసుది. అందుకే ఒకటి రెండు లంకెల వదులు ఉంచాను. అంతకంటే వదిలితే తాడు తెగిన రోజున చక్రం రోడ్డుకు రాసుకుంటుంది, అది పడిపోవడం కంటే మేలేమీ కాదు. వేసిన తర్వాత, కింద తగినంత చోటు వదిలి, రాడ్డుతో తాడును పూర్తిగా వదిలేసి చూశాను. చక్రం గొలుసు మీద ఆగింది, నేలకు ఇంకా జానెడు పైన ఉంది. ఎవరు గొలుసు వేయించుకున్నా ఈ పరీక్ష చేయించుకోండి.

నాకు ఇది ఇంత పట్టింపు కావడానికి కారణం వెనక వచ్చే బండ్లు. మన జాతీయ రహదారి 16 మీద కారు వెనకాల మోటారుసైకిళ్ళు ఎంత దగ్గరగా వస్తాయో ఆనందపురం దగ్గర ఒక్క సాయంత్రం నిలబడితే తెలుస్తుంది. ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బండి కిందినుంచి ఇరవై కిలోల చక్రం ఊడి దొర్లితే, వెనక భార్యను, పిల్లను ఎక్కించుకుని వచ్చే మనిషికి తప్పించుకునే అవకాశం లేదు. స్టెప్నీ పోతే నాకు కొన్ని వేలు నష్టం. అది ఊడిపడితే పోయేది వేరొకరి ప్రాణం. గొలుసు, షాకిల్, ఇత్తడి తాళం అన్నీ కలిపి నాకు రెండు వేల రూపాయల లోపే అయ్యాయి.

గొలుసు చప్పుడు చేస్తుంది, నిజమే. చప్పుడు ఆగడానికి సైకిలు ట్యూబు తొడగమని చాలామంది చెబుతారు. తొడిగి చూశాను, చప్పుడు ఆగింది కానీ లోపల ఉప్పునీరు నిలిచి, మూడు నెలల్లో లంకెల మీద జింకు తెల్లగా పొడిపొడిగా రాలడం మొదలైంది. ట్యూబు తీసేసి, గొలుసు రిమ్ముకు తగిలే చోట మాత్రం రబ్బరు ముక్క కట్టాను. అల్లాయ్ రిమ్ము ఉన్నవారికి ఈ ముక్క ఇంకా అవసరం. అల్యూమినియం, ఉక్కు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. టైరు కవరుదీ ట్యూబు కథే, నీటిని లోపల దాస్తుంది. కొననక్కరలేదు.

తాడుకు ముద్ద గ్రీజు పూయడం కూడా మానేయండి. మన తీరంలో గ్రీజుకు ఇసుక అంటుకుంటే అది సానరాయి పని చేస్తుంది. పల్చటి నూనె పేటల్లోకి ఇంకేలా రాసి, పైన మిగిలినది తుడిచేస్తే చాలు. గ్రీజు పెట్టవలసింది రాడ్డు తగిలే నట్టుకు, షాకిల్ మరలకు. నీటికి కొట్టుకుపోని బోటు గ్రీజు అక్కడ పనికి వస్తుంది.

అనంతగిరి దాటాక అరకు ఘాట్‌లో ఒక సాయంత్రం ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష వచ్చింది. రోడ్డు అంచున తేలిన రాయికి టైరు పక్కగోడ చీలింది, సన్నగా వాన. తీగ విప్పడానికి ఒక ప్లయరు, షాకిల్‌కు ఒక స్పానరు, తాళంచెవి ఈ మూడూ జాకీ సంచిలోనే కట్టి ఉంచుతాను. ఫోను వెలుతురులో గొలుసు తీయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నట్టుకు గ్రీజు ఉండటంతో గేరు మెత్తగా తిరిగింది. అక్కడే ఆగిన ఒక సాలూరు లారీ డ్రైవరు చక్రం లేపడానికి చెయ్యి వేసి, బిగించాక గొలుసును కాలితో తన్ని చూసి, "ఇది ఉండాలండీ" అన్నాడు. లారీల వాళ్ళకు ఈ గొలుసు కొత్త కాదు.

ఆ రోజు చీలింది పక్కగోడ కాబట్టి మరో మాట. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ఊళ్ళో తిరిగేవారికి అది సరిపోవచ్చు. కిట్టులోని జిగురు టైరు నడిచే ముఖం మీది చిన్న రంధ్రాన్ని పూడుస్తుంది, పక్కగోడ చీలికను పూడ్చలేదు. అరకు, లంబసింగి దారుల్లో తిరిగేవారు స్టెప్నీని వదులుకోకండి. దాని వయసు కూడా చూసుకోండి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నడవని టైరు కూడా ముసలిదవుతుంది.

మా పక్కింటివారు ఈమధ్య బీచ్‌రోడ్డులో టిఫిన్లు అమ్మడానికి జీపు వెనక కట్టి లాగే ట్రైలర్ చేయించుకున్నారు. దాని స్టెప్నీ కూడా అడుగునే, కానీ తాడు, గేరు లేవు. ఒక ఇనుప చట్రంలో పెట్టి రెండు బోల్టులతో బిగించారు. ట్రైలర్‌కు ఇది మరింత జాగ్రత్తగా చూడవలసిన సంగతి. కారులో చక్రం ఊగితే కింద చప్పుడు మనకు వినిపిస్తుంది. వెనక లాగే ట్రైలర్‌లో అది ముందు కూర్చున్నవారి చెవిన పడదు. అందులోనూ ఖాళీగా వెళ్ళేటప్పుడు అది ఎగిరెగిరి పడుతుంది. మామూలు నట్లు తీయించి నైలాన్ వలయం ఉన్న నట్లు వేయించాను. ఆ నట్టును విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి, వలయం పట్టు తగ్గిపోతుంది. చట్రానికి గొలుసు లంకెను వెల్డింగ్ చేస్తానని పనివాడు అంటే వద్దన్నాను. వెల్డింగ్ వేడికి జింకు కాలిపోతుంది, ఆ పొగ పీల్చడం మనిషికి మంచిది కాదు, తర్వాత తుప్పు మొదలయ్యేది అక్కడినుంచే. వాళ్ళ చక్రానికీ గొలుసును కమ్మీ చుట్టూ తిప్పి, షాకిల్ వేసి, పిన్నుకు తీగ కట్టించాను.

నా గొలుసులో వెనక చక్రాలు చిమ్మే నీరు తగిలే నాలుగైదు లంకెల మీద ఇప్పుడు జింకు పోయి ఎర్రరంగు కనిపిస్తోంది. బలం ఇంకా ఉంది. అయినా అక్టోబరు తుపాన్లకు ముందే హార్బర్ దగ్గరికి వెళ్ళి కొత్త గొలుసు తెచ్చి వేస్తాను. షాకిల్, తాళం మాత్రం పాతవే ఉంచుతున్నాను.