నెల్లూరులో సూపర్‌వైజర్లకు ‘ఆశావహ నాయకత్వం’ శిక్షణ: పొద్దుటి పూట బాగుంది, ఎర్రకార్డు ఆట తీసేయాలి

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో షిఫ్టు నడిపే సూపర్‌వైజర్ల కోసం నెల్లూరు మినీ బైపాస్ వైపు ఒక హోటల్ హాల్లో పెడుతున్న ఒకరోజు శిక్షణ ఇది. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం ఐదున్నరకు ముగుస్తుంది. భోజనంతో కలిపి తలకు 2,800 రూపాయలు. బోధనంతా తెలుగులోనే, చేతికిచ్చే పుస్తకమూ తెలుగే. భోజనానికి వంక పెట్టాల్సిన పని లేదు.

ఇలాంటి శిక్షణ అవసరం మాత్రం నిజమైనదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, రొయ్యలు ఒలిచే పీలింగ్ షెడ్లలో వినపడ్డ ప్రశ్న ఒకటే: “రేపు పనుంటదా సార్?” దానికి జవాబు చెప్పాల్సింది ఆఫీసులో కూర్చున్న యజమాని కాదు, ఎదురుగా నిలబడ్డ సూపర్‌వైజరు. అతను ఏం చెప్తాడు, ఎలా చెప్తాడు అన్నదాన్ని బట్టే షెడ్డు వాతావరణం ఉంటుంది.

పొద్దుటి భాగానికి ఆధారం అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ పరిశోధన. చెడు జరిగినప్పుడు దానికి మనం చెప్పుకునే కారణంలోనే ఆశావాదం, నిరాశావాదం తేలతాయంటారాయన. చూడాల్సినవి మూడు. ఇది ఎప్పటికీ ఇంతేనా, ఈసారికేనా? అన్నిచోట్లా ఇంతేనా, ఇక్కడొక్కచోటేనా? తప్పంతా నాదేనా, వేరే కారణాలూ ఉన్నాయా? శిక్షకుడు దీన్ని ఉపన్యాసంతో వదిలేయకుండా చేయించి చూపిస్తారు. ఈమధ్య చెడిన ఒక లాటు (ఒక విడత సరుకు) గురించి ప్రతి ఒక్కరూ మూడు వాక్యాలు రాయాలి. పక్కవాళ్లు ఆ కాగితం తీసుకుని ‘ఎప్పుడూ’, ‘అందరూ’, ‘ఏదీ’ వంటి మాటల కింద గీత గీయాలి. తర్వాత ఆ మాటలు కొట్టేసి రోజు, చోటు, వస్తువు పెట్టి తిరగరాయాలి. “నైట్ షిఫ్టోళ్లు ఎప్పుడూ ఇంతే, సరుకు పాడుచేస్తారు” అన్నది “మంగళవారం రాత్రి చిల్ రూం తలుపు రబ్బరు ఊడింది, తలుపు దగ్గరి టబ్బుల్లో సరుకు 4 డిగ్రీలు దాటింది” అవుతుంది. మొదటిదాంతో తిట్టడం తప్ప చేయగలిగిందేమీ లేదు. రెండోది చదివినవాడు రబ్బరు మార్పిస్తాడు. ఈ గంటన్నర కోసమైనా మనుషుల్ని పంపొచ్చు.

మూడో ప్రశ్న దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. తప్పు నాది కాదనుకోవడం బీమా అమ్మే ఏజెంటుకు ఊరటనిస్తుంది. అదే సూపర్‌వైజరు చేతిలో పడితే నింద నేరుగా కింద పనిచేసే ఆడవాళ్ల మీదికి పోతుంది. తిరగరాసిన ప్రతి కాగితం చివర “ఇందులో నా చేతిలో ఉన్న పని ఏది?” అన్న వరుస ఒకటి తప్పనిసరి చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పుస్తకంలో ఆ వరుస లేదు.

1980లలో మెట్‌లైఫ్ బీమా ఏజెంట్ల మీద జరిగిన అధ్యయనాన్ని శిక్షకుడు గొప్పగా చెప్తారు. ఆశావాద పరీక్షలో పైన నిలిచినవాళ్లు ఎక్కువ పాలసీలు అమ్మిన మాట నిజమే. దాని నుంచి ఏ ఉద్యోగంలోనైనా ఆశావాదే మేలని తేల్చడం మాత్రం తప్పు. బీమా ఏజెంటు రోజంతా ‘వద్దు’ అనిపించుకుంటూ తిరగాలి, అక్కడ ఆశ పనికొస్తుంది. క్వాలిటీ కంట్రోల్ మనిషికి కావాల్సింది అనుమానం. పొరపాటు ఖరీదు పెద్దదైన చోట ఆశావాదం వాడొద్దని సెలిగ్‌మనే చెప్పారు. విమానం రెక్కల మీద మంచు తీయించాలా వద్దా అని తేల్చుకునే పైలట్ ఆయన ఇచ్చిన ఉదాహరణ. చెరువు దగ్గర యాంటీబయోటిక్ పరీక్ష చేయించకుండా “ఏం కాదులే అన్నా” అని సరుకు ఎత్తే కొనుగోలుదారుకు వినిపించాల్సింది ఈ మాటే. ఒక్క చెరువు సరుకు తేడాగా ఉన్నా అది కలిసిన లాటంతా విదేశీ రేవులో ఆగిపోవచ్చు.

మధ్యాహ్నం మనస్తత్వవేత్త గాబ్రియేలె ఎట్టింగన్ పద్ధతికి ఇచ్చింది ఇరవై నిమిషాలే. రోజు మొత్తంలో షెడ్డుకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. మంచి ఫలితాన్ని ఊహించుకోవడంతోనే ఆగితే ప్రయత్నం సడలుతుందని ఆమె పరిశోధన. బరువు తగ్గాలనుకున్న మహిళల మీద 1991లో వచ్చిన అధ్యయనంలో, తీయటి ఊహల్లో తేలినవాళ్లే తక్కువ తగ్గారు. అందుకని కోరిక, ఫలితం, అడ్డంకి, ఉపాయం అన్న వరుసలో నడవాలంటారు. ఉపాయం ‘ఇలా అయితే ఇలా చేస్తా’ అన్న రూపంలోనే ఉండాలి. “పదింటికల్లా ఐస్ లారీ గేటు దాటకపోతే కొత్త టబ్బు తెరవను, ఉన్న ఐసు ఒలిచిన సరుకుకే వేయించి మేనేజరుకు ఫోన్ చేస్తాను.” హాల్లో ఎక్కువమంది “అందర్నీ మోటివేట్ చేస్తాను” అని రాసి ఊరుకున్నారు. దిద్దేవాళ్లు లేరు. కనీసం గంట కావాలి.

ఆ తర్వాత ఎర్రకార్డు ఆట. ఎవరైనా ‘నెగటివ్’ మాటంటే ఎర్రకార్డు చూపిస్తారు, ప్లాంటులోనూ ఇదే పాటించమంటారు. ఇది హాని చేసే సలహా. టబ్బులో ఐసు కరిగిన సంగతి ముందు కనిపెట్టేది బల్ల దగ్గర నిలబడ్డ పీలర్. ఆమె కూలి కిలోల లెక్క, చేయి ఆపి చెప్పినంతసేపూ నష్టం ఆమెదే. దానికి తోడు చెడు కబురు చెప్తే కార్డు పడుతుందంటే నోరు విప్పదు. రొయ్య మీద నల్లమచ్చ దిగితే ఎంత గడ్డకట్టించినా పోదు, గ్రేడు పడిపోతుంది. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లలో ముక్కలై ఏడుగురు పోయారు. చలికి రబ్బరు సీళ్లు పనిచేయకపోవచ్చని అంతకుముందు రాత్రే ఇంజనీర్లు చెప్పారు, పైవాళ్లు కాదన్నారు. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి, అక్కడ దాచుకోవాల్సిన భయం లేదు గనక.

వియత్నాంలో 1965 నుంచి 1973 దాకా ఖైదులో ఉన్న అమెరికా నౌకాదళ అధికారి స్టాక్‌డేల్ కథను కూడా సగమే చెప్తారు. ఆశతో బతికాడని ఆపేస్తారు. క్రిస్మస్‌కల్లా విడుదలవుతామని తేదీలు పెట్టుకున్నవాళ్లే కుంగిపోయారని ఆయన చెప్పిన మాటే అసలుది. “సంక్రాంతికల్లా ఆర్డర్లొస్తాయక్కా” అని మాటివ్వడం ఆ కోవలోదే. పండగ దాటిపోతే ఆ సూపర్‌వైజరు మాట ఇంకెవరూ నమ్మరు. “ఈ వారం రెండు కంటైనర్ల పనుంది, ఆ తర్వాతిది శుక్రవారం చెప్తా” అని చెప్పి, శుక్రవారం నిజంగా వచ్చి చెప్పడం నేర్పాలి.

ఎర్రకార్డు స్థానంలో పెట్టాల్సింది మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో రాసిన ప్రీమార్టం, అంటే పని మొదలుకాకముందే అది చెడిపోయిందనుకుని కారణాలు వెతకడం. పెద్ద ఆర్డరు మొదలయ్యే ముందు పావుగంట చాలు. “ఈ కంటైనరు వెనక్కొచ్చింది, ఎందుకు?” అని అడిగి అందరికీ చీటీలివ్వాలి. ఐదు నిమిషాలు మాటల్లేకుండా రాయాలి. రాయలేనివాళ్ల తరఫున పక్కవాళ్లు రాయొచ్చు. చదవడం కింది మనిషి నుంచి మొదలై ఇన్‌చార్జి దగ్గర ముగియాలి. ముందు అతను నోరు తెరిస్తే మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు. వచ్చినవాటిలో రెండు ఎంచి, ఎవరు, ఎన్నింటికి చూస్తారో బోర్డు మీద రాయాలి. ఆ పావుగంటకూ పీలర్లకు కూలి కట్టివ్వాలి, లేకపోతే రెండోసారి ఎవరూ రారు.

బ్యాచికి అరవైమంది ఎక్కువ, కాగితాలు దిద్దాలంటే పాతిక దాటకూడదు. షెడ్లలో పని ఆడవాళ్లది, హాల్లో మాత్రం దాదాపు అందరూ మగవాళ్లే. షెడ్లలో గ్రూపు లీడర్లుగా ఉన్న ఆడవాళ్లను పంపాలంటే వేళను రెండు అరపూటలుగా విడగొట్టమని అడగాలి. శిక్షణ తర్వాత రోజూ వాట్సాప్‌లో సూక్తులు పంపుతారు. వాటికి బదులు నెల తర్వాత షెడ్డుకొచ్చి ఒక్క షిఫ్టు చూసి వెళ్తే మేలు.

మొత్తం ప్లాంటుకు బుక్ చేసేవాళ్లు డబ్బు కట్టకముందే రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: ఎర్రకార్డు ఉండదు, ఎట్టింగన్ పద్ధతికి గంట ఇస్తారు. ఒప్పుకోకపోతే పొద్దుటి పూట ఒక్కదానికే సగం రుసుముతో మాట్లాడుకుని, మధ్యాహ్నం ప్రీమార్టం మీ షెడ్డులో మీరే పెట్టుకోండి. దానికి చీటీలు, పెన్నులు, గోడమీద ఒక బోర్డు ఉంటే సరిపోతుంది.