లాంగ్ డ్రైవ్‌కి పాటలు: క్యాసెట్టా, పెన్‌డ్రైవా, ఫోనా?

తెల్లవారుజామున ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రమంతా క్యాసెట్ పనే ఉండేది. సి-90 క్యాసెట్ అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. మన పాట అయిదు నిమిషాలనుకుంటే వైపుకి తొమ్మిది పడతాయి. ఆ తొమ్మిదీ ఏవి, ఏ వరసలో అని కాగితం మీద రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకోవడం. రికార్డింగ్‌కి దగ్గరి దారి లేదు. 90 నిమిషాల క్యాసెట్ నింపాలంటే 90 నిమిషాలూ పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చోవాల్సిందే. రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్కుల్లో వేగంగా కాపీ చేసే మీట ఉండేది గానీ, దాంతో చేస్తే నాకు పాట మొద్దుబారినట్టు వినిపించేది. అంతా అయ్యాక పొరపాటున చెరిగిపోకుండా పైనున్న రెండు బుల్లి ప్లాస్టిక్ ముక్కలూ విరిచేస్తే, అప్పుడు ప్రయాణం మొదలైనట్టు.

మరి కారులో ఎలా ఉండేది? నిజం చెప్పాలంటే అంత గొప్పగా ఏమీ ఉండేది కాదు. స్స్ అనే చప్పుడు ఎప్పుడూ వెనకాల ఉండేదే. టేపుని చదివే హెడ్ మురికి పడితే గొంతులన్నీ దుప్పటి కప్పుకుని పాడినట్టుండేవి. ఎండలో డ్యాష్‌బోర్డు మీద మరిచిపోతే డబ్బా వంకర తిరిగేది. సి-120 కొంటే ఇంకో అరగంట కలిసొస్తుందని ఆశపడ్డాను కానీ, అందులో టేపు మరీ పలచన. ఒకసారి సగం దారిలో ప్లేయర్‌లో చుట్టుకుపోయింది. అది బయటికి లాగి, పెన్సిల్ దూర్చి తిప్పుకుంటూ కూర్చున్నాను.

సీడీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మామూలుగా రాస్తే 80 నిమిషాలు, ఎంపీ3లైతే 150 పాటల దాకా పట్టేవి. గుంత వస్తే పాట ఎగిరేది.

పెన్‌డ్రైవ్‌కి రావాల్సినంత పేరు రాలేదని నా ఫిర్యాదు. సిగ్నల్ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు, మధ్యలో ఎవరూ ఫోన్ చేయరు. తిప్పలు లేవని కాదు. కొన్ని స్టీరియోలు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేస్తే తప్ప చదవవు. ఇంకొన్ని పేర్ల వరస పట్టించుకోకుండా, కాపీ చేసిన వరసలోనే పాడతాయి. అందుకే ఫోల్డర్ ఖాళీ చేసి, పాటల పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెట్టి ఒక్కొక్కటీ వేసుకుంటాను. ఆ కాసేపూ పాత క్యాసెట్ సాయంత్రం కొంచెం తిరిగొచ్చినట్టుంటుంది.

ఇక ఫోన్. అందులో లేని పాట లేదు, వినికిడికీ వంక పెట్టలేం. వెనక సీటులోవాళ్లు అడిగింది అడిగినట్టు దొరుకుతుంది. నలుగురితో వెళ్తే ఫోనే మేలు, అందులో వాదన లేదు. కాకపోతే ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, లేదంటే ఘాట్ రోడ్డులో పల్లవి దగ్గరే ఆగిపోతుంది. చరణం మంచి పట్టు మీద ఉండగా 'కుడివైపు తిరగండి' అని మ్యాప్ గొంతు దూరుతుంది. మన లిస్టు అయిపోయాక యాప్ తనకి తోచినవి అందుకుంటుంది. అన్నిటికంటే చిరాకు, ఎవరూ ఏ పాటనీ చివరిదాకా ఉండనివ్వరు. నచ్చని పాటని కూడా దాటేయడం బద్ధకమై వినేసి, నాలుగోసారికి ఇష్టపడటం క్యాసెట్‌తోనే పోయింది.

ఒక్కణ్నే రాత్రిపూట వెళ్తే మాత్రం నా ఓటు పెన్‌డ్రైవ్‌కే. చేయి స్క్రీన్ మీదికి పోదు, వరస నాది. క్యాసెట్‌ని కారులోకి మళ్లీ రమ్మనను. అది చేసుకునేటప్పుడు ఉన్న సరదా వేరు, వినేటప్పుడు పడ్డ పాట్లు వేరు.

కానీ ఒక పాట ఉంది. క్యాసెట్ మొదటి వైపు చివర చోటు చాలక రెండో చరణం మధ్యలో తెగిపోయింది. ఏళ్ల తరబడి అలాగే విన్నాను. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో అదే పాట పూర్తిగా ఉంది. అయినా ఆ చోటు రాగానే నా చేయి క్యాసెట్ తిప్పడానికి స్టీరియో వైపు వెళ్తుంది.