బ్రెడ్ పొడి అద్దిన రొయ్యలు: మూకుడా, పెనమా, ఎయిర్ ఫ్రయ్యరా?

ముందే చెప్పేస్తున్నా, ఎయిర్ ఫ్రయ్యర్ కొన్న మొదటి నెలలోనే దాన్ని ఎవరికైనా సగం రేటుకి అమ్మేద్దాం అనుకున్నా. కారణం రొయ్యలే. కాకినాడలో మా అమ్మ రొయ్యల పకోడీకి కలిపినట్టే శనగపిండి, బియ్యప్పిండి, అల్లం వెల్లుల్లి, కారం వేసి జారుగా కలిపి, రొయ్యల్ని ముంచి బుట్టలో పేర్చి 180 డిగ్రీలు పెట్టి పావుగంట ఆగా. తీసి చూస్తే పిండంతా బుట్ట కన్నాల్లోంచి కారి అడుగున అట్టులా అంటుకుపోయింది, పైన రొయ్యలు ముడుచుకుపోయి పాలిపోయి ఉన్నాయి. అమ్మకి ఫోన్ చేసి చెప్తే "నూనె లేకుండా వేపుడేంటే, గాలికి ఆరబెట్టుకున్నావా?" అంది.

అప్పుడు పూర్తిగా ఒప్పుకున్నా. ఇప్పుడు, రెండేళ్లు అదే బుట్టతో కుస్తీ పట్టాక, సగమే ఒప్పుకుంటా. జారు పిండికి ఎయిర్ ఫ్రయ్యర్ పనికిరాదు, అందులో వాదనే లేదు. రొయ్యల పకోడీ, హైదరాబాద్ బార్లలో పెట్టే అపోలో ఫిష్ లాంటివి మూకుడులోనే వేయాలి, ఎందుకంటే జారు పిండి కాగిన నూనెలో పడగానే అక్కడికక్కడే గట్టిపడి ముక్కని పట్టుకుంటుంది, గాలిలో అయితే గట్టిపడే లోపే కారిపోతుంది. కానీ పొడి అద్దే రకం ఉంటుంది చూశారూ, మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి వరసగా అద్దేది, అక్కడ మాత్రం పోటీ నిజంగానే ఉంది. నేను చెప్పేదంతా దాని గురించే.

ఎయిర్ ఫ్రయ్యర్ అంటే పేరుకే ఫ్రయ్యర్. లోపల ఉన్నది పైన ఒక హీటింగ్ కాయిల్, ఒక ఫ్యాన్, అంతే, అదో చిన్న సైజు కన్వెక్షన్ ఓవెన్. 2010లో ఫిలిప్స్ వాళ్లు ఆ పేరుతో తెచ్చారు, అదే జనం నోట్లో పడిపోయింది. ఇప్పుడు ఒకటి ఆలోచించండి: 180 డిగ్రీల ఓవెన్ తలుపు తీసి ట్రే లాగేటప్పుడు చేతికి సెగ తగులుతుంది, ఓర్చుకుంటాం. అదే 180 డిగ్రీల నూనెలో వేలు పెడతామా? అంకె ఒకటే, కానీ నూనె ఆ వేడిని ముక్కకి అందించే స్పీడు గాలికి రాదు. అందుకే మూకుడులో రెండు మూడు నిమిషాల్లో పైన పొడి ఎర్రబడుతుంది, సరిగ్గా అదే టైముకి లోపల రొయ్య ఉడుకుతుంది. ఎయిర్ ఫ్రయ్యర్‌లో పచ్చి బ్రెడ్ పొడి ఆ రంగుకి రావాలంటే పది పన్నెండు నిమిషాలు కావాలి, రొయ్యేమో ఆరేడు నిమిషాలకే ఉడికిపోయి ఆ పైన ప్రతి నిమిషం రబ్బరు వైపు నడుస్తుంటుంది. పొడి కోసం ఆగితే రొయ్య పోతుంది, రొయ్యని చూసుకుని తీసేస్తే పొడి సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. చాలామంది "మాకు కుదరలేదండీ" అని వదిలేసేది ఇక్కడే.

దీనికి మందు చాలా చిన్నది, నా మెషీన్‌తో వచ్చిన రెసిపీ పుస్తకంలో మాత్రం లేదు. బ్రెడ్ పొడిని ముందే వేయించేసుకోవాలి. కప్పు పొడికి రెండు టేబుల్ స్పూన్ల నూనె, కాస్త ఉప్పు వేసి బాండీలో సన్నసెగ మీద ఉప్మా రవ్వ వేయించినట్టు కలుపుతూ, లేత గోధుమ రంగు రాగానే దించి వెంటనే పళ్లెంలో పోసేయాలి (బాండీలోనే వదిలేస్తే ఆ వేడికే మాడుతుంది, నాకు రెండుసార్లు జరిగింది). చల్లారాక దాన్నే రొయ్యలకి అద్దాలి. రంగు ముందే వచ్చేసింది, నూనె ముందే పట్టేసింది, ఇక ఎయిర్ ఫ్రయ్యర్‌కి మిగిలిన పనల్లా రొయ్యని ఉడికించడం, పైపొరలో తడి లాగేయడం. 200 డిగ్రీల్లో ఆరేడు నిమిషాలు చాలు. నా లెక్కలో ఈ ఒక్క పనితో ఎయిర్ ఫ్రయ్యర్ మూకుడు పక్కన కూర్చోగలదు, లేకపోతే కూర్చోలేదు.

ఇక ఏ పొడి? ఐదు రకాలు వాడి చూశా, ఐదూ ఐదు దారులు. పాంకో అంటే జపాన్ వాళ్ల బ్రెడ్ పొడి, వాళ్లు ఆ బ్రెడ్‌ని మామూలు ఓవెన్‌లో కాకుండా పిండిలోంచి కరెంటు పంపి కాలుస్తారు, అందుకని పైన గోధుమరంగు అట్ట కట్టదు, పొడి కూడా రేకుల్లా వస్తుంది. ఆ రేకుల మధ్య ఖాళీల్లో వేడి గాలి తిరుగుతుంది కాబట్టి ఎయిర్ ఫ్రయ్యర్‌కి దీన్ని మించింది లేదు, కాకపోతే రేటు ఎక్కువ. మామూలు ప్యాకెట్ బ్రెడ్ పొడి ఇసుకలా సన్నగా ఉంటుంది, ముక్కకి గట్టిగా కరుచుకుని పొరలా తయారవుతుంది తప్ప కరకర రాదు, అది కట్‌లెట్లకి సరిపోతుంది, రొయ్యలకి నాకు నచ్చలేదు. రెండ్రోజుల నాటి శాండ్‌విచ్ బ్రెడ్ అంచులు తీసేసి మిక్సీలో నాలుగుసార్లు ఆపి ఆపి తిప్పి, పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద ఆరబెడితే మాత్రం పాంకోకి బాగా దగ్గరగా వస్తుంది, నేను ఎక్కువగా వాడేది ఇదే. నాలుగోది బొంబాయి రవ్వ. గోవా, మంగళూరు వైపు చేపకి రవ్వ అద్ది పెనం మీద వేస్తారు, అద్భుతంగా ఉంటుంది, దాన్ని చూసి నేనూ ఎయిర్ ఫ్రయ్యర్‌లో పెట్టా. పంటికింద ఇసుకే. రవ్వకి నూనెలో తడుస్తూ వేగడం కావాలి, పొడి గాలిలో అది అలాగే పచ్చి పలుకులా మిగిలిపోతుంది. ఐదోది కార్న్‌ఫ్లేక్స్, నలిపి అద్దితే కరకర బాగుంటుంది కానీ ఆ తీపి నాకు రొయ్యల్లో పడదు, పిల్లలు మాత్రం ఎగబడి తింటారు.

రవ్వ సంగతి వచ్చింది కాబట్టి పెనం గురించి కూడా చెప్పేస్తా. వంజరం, పండుగప్ప చక్రాల్లా కోసిన ముక్కలకి పెనాన్ని మించింది లేదు. రెండు వైపులా చదునుగా ఉంటాయి, మూడు నాలుగు చెంచాల నూనెలో ఒక్కోవైపు నాలుగు నిమిషాలు, మసాలా ముక్కకి పట్టి అంచులు ఎర్రగా అవుతాయి, ఇందుకోసం మెషీన్ వాడటం దండగ. కానీ రొయ్య వంకర. పెనానికి వీపు ఒకచోట, తోక ఒకచోట తగులుతుంది, మడత లోపల పొడి తెల్లగానే ఉండిపోతుంది. వీపు వెంట లోతుగా కోసి పుస్తకంలా తెరిచి పరిస్తే పెనం మీదా కుదురుతుంది, కానీ కిలో రొయ్యలకి ఆ ఓపిక ఎవరికుంది!

రొయ్య సైజు చూసే నేను ఏది వాడాలో డిసైడ్ అవుతా, ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. మన దగ్గర రొయ్యల్ని కౌంట్‌తో చెప్తారు, 30 కౌంట్ అంటే కిలోకి ముప్ఫై తూగుతాయని. 2009లో వనామి అనే రకం రొయ్యల సాగుకి మన దేశంలో అనుమతి వచ్చాక భీమవరం, ఉండి వైపు చెరువులన్నీ దానికే మళ్లాయి, ఇప్పుడు హైదరాబాద్‌లో చేపల షాపుకెళ్తే దొరికేవి ఎక్కువగా అవే. పెద్దవి, 30 కౌంట్ దొరికితే ఎయిర్ ఫ్రయ్యర్. లోపల కండ ఉంటుంది కాబట్టి ఏడు నిమిషాలు తట్టుకుంటుంది. 70, 80 కౌంట్ చిన్న రొయ్యలు అసలు పెట్టకండి, పొడి వేడెక్కే లోపే అవి ఎండిపోతాయి, వాటికి పకోడీ పిండీ మూకుడే గతి. స్క్విడ్ రింగులు కూడా అంతే: స్క్విడ్ అయితే ఒకటిన్నర నిమిషం లోపు తీసేయాలి, లేదా అరగంట పైన ఉడకబెట్టాలి, మధ్యలో ఎక్కడ ఆపినా హవాయి చెప్పు నమిలినట్టే. ఆ ఒకటిన్నర నిమిషంలో పని ముగించగలిగేది కాగిన నూనె ఒక్కటే. ఎయిర్ ఫ్రయ్యర్‌లో క్రిస్పీ కలమారీ (ఈ స్క్విడ్ రింగులే) అని ఎవరైనా చూపిస్తే ఫొటో చూసి మెచ్చుకోండి, చాలు.

ఎంతమందికి అన్నది ఇంకో లెక్క. నాలుగు లీటర్ల బుట్టలో పెద్ద రొయ్యలు ఒకదానికొకటి తగలకుండా పేరిస్తే డజను పడతాయి, ఒకదానిమీద ఒకటి వేస్తే కింద ఉన్నవి ఆవిరికి మెత్తబడతాయి. కిలో అంటే మూడు వాయిలు, అరగంట. ఇంట్లో ముగ్గురు నలుగురు ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం మరిది వాళ్లొచ్చి పది మంది కూర్చున్నారనుకోండి, మూడో వాయి వచ్చేసరికి మొదటి వాయి తిన్నవాళ్లు అన్నంలోకి వెళ్లిపోయి ఉంటారు. అలాంటి రోజు నేను మాట్లాడకుండా మూకుడు పెట్టేస్తా. కరెంటు గురించి టెన్షన్ పడక్కర్లేదు, 1500 వాట్ల మెషీన్ అరగంట ఆగకుండా తిరిగినా ముప్పావు యూనిటే.

నన్ను చివరికి ఎయిర్ ఫ్రయ్యర్ వైపు తిప్పింది మాత్రం రుచి కాదు, మిగిలిపోయే నూనె. రొయ్యలు మునగాలంటే అర లీటరు పైనే పోయాలి. బ్రెడ్ పొడి రాలి అడుగున మాడి, వడగట్టినా ఆ నూనె నల్లగానే ఉంటుంది, నీచు వాసన, పూరీలకి పనికిరాదు, సింకులో పోయకూడదు. కాచి కాచి వాడిన నూనె గురించి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై 1 నుంచి ఒక రూలు పెట్టింది, నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (కాచేకొద్దీ నూనె పాడై అందులో పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వంటకి వాడకూడదని. హోటళ్లకి దాన్ని కొలిచే మీటర్లు ఉంటాయి, మనకి ముక్కూ కళ్లే మీటర్లు. అమ్మకి ఈ బాధ లేదు, ఆమె ఆ నూనెని మర్నాడు చేపల పులుసు తాలింపుకి వాడేస్తుంది, ఒకసారి కాచిన నూనె కాబట్టి అది తెలివైన పనే. కానీ మా ఇంట్లో వరసగా రెండ్రోజులు చేపలంటే మా ఆయన ఊరుకోడు.

ఆరోగ్యం అని మాత్రం నేను పెద్దగా ఊదరగొట్టను. పొడి వేయించడానికి రెండు స్పూన్లు వేశాం కదా, అది తక్కువే, కానీ సున్నా కాదు. ఇక ఫ్రీజర్‌లో దొరికే బ్రెడెడ్ రొయ్యలు, ఫిష్ ఫింగర్లు చాలావరకు ఫ్యాక్టరీలో ఒకసారి నూనెలో వేయించి గడ్డకట్టించినవే, ప్యాకెట్ వెనక చూడండి, నూనె పేరు రాసి ఉంటుంది. అందుకే అవి ఎయిర్ ఫ్రయ్యర్‌లో అంత బాగా వస్తాయి! వాటిని కరగనివ్వకుండా గడ్డగానే వేయాలి, కరిగితే పొర ఊడొస్తుంది.

ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేసేవాళ్లకి నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని. రొయ్యల్ని గుడ్డతో ఒత్తి తడి పూర్తిగా తీయాలి, తడి ఉంటే పొర కింద ఆవిరి పట్టి జారిపోతుంది. ఉప్పు, కారం, మిరియాలు రొయ్యకి పట్టించండి, కారం మాత్రం పొడిలో కలపొద్దు, ఆ గాలి వేడికి కారం నల్లబడి ఘాటు వస్తుంది. నిమ్మకాయ తినేముందే. గుడ్డులో ఒక చెంచా మయోనీస్ గిలక్కొడితే పొడి బాగా పట్టుకుంటుంది. అద్దాక అరచేత్తో ఒకసారి నొక్కి, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే ఫ్యాన్ గాలికి సగం పొడి ఎగిరిపోతుంది. మెషీన్ ఐదు నిమిషాలు ముందే వేడెక్కాలి, అప్పుడు బటర్ పేపర్ మాత్రం ఖాళీగా వేయకండి, ఎగిరి కాయిల్‌కి తగిలి మాడుతుంది, కాలిన వాసన ఇల్లంతా రెండ్రోజులు ఉంటుంది. నాలుగో నిమిషంలో ఒకసారి తిరగేయాలి. పండుగప్పనో బాసానో వేళ్లలా కోసి చేస్తే, అంగుళం మందానికి తొమ్మిది పది నిమిషాలు.

రుచి? కళ్లు మూసుకుని తింటే నేను ఇప్పటికీ మూకుడువే గుర్తుపడతా, ఆ నూనె వాసనలో వచ్చే నిండుతనం వేరు. కానీ రెండు మూడు తిన్నాక చెయ్యి ఆగుతుంది, బుట్టలోవి తింటే ఆగదు. మావాళ్లు ఎనిమిదేసి లాగించేస్తారు, అంచేత తక్కువ నూనె అన్న లెక్క కాస్త అటూ ఇటూ అయిపోతుందని కూడా ఒప్పుకోవాలి.

ఒక విషయంలో మాత్రం ఎయిర్ ఫ్రయ్యర్‌కి పోటీయే లేదు, చల్లారినవి మళ్లీ కరకరలాడించడం. ఎందులో వేయించినవైనా సరే, హోటల్ నుంచి తెచ్చిన పార్సిల్ అయినా సరే, 180 డిగ్రీల్లో మూడు నిమిషాలు చాలు. మైక్రోవేవ్‌లో పెట్టారో, వానలో తడిసిన అట్టపెట్టె తిన్నట్టే.